సముద్రంలో సహజంగా దొరికే క్లామ్‌లు, కాకిల్స్: ఏ దేశం ముందు? నా పట్టికలో అమెరికా ఎందుకు కూలిపోయింది?

#1 పట్టికలపిచ్చి, శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒక పట్టిక ముందేసుకుని కూర్చున్నా. పెంపకం వద్దు, సముద్రంలోనూ నదీముఖాల్లోనూ తమంతట తాము పెరిగిన గుల్లల్ని తవ్వి తీసేది మాత్రమే కావాలి. క్లామ్, కాకిల్, ఆర్క్ షెల్ (మూడూ రెండు చిప్పల గుల్లలే) కలిపే వేశా, ఎందుకంటే ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్లు కూడా వాటిని 56వ గుంపు అని ఒకే సంచిలో పెట్టారు. అన్ని దేశాలకీ ఎఫ్‌ఏఓ అంకెలే తీసుకున్నా, ఒక్క అమెరికాకి మాత్రం వాళ్ల మత్స్యశాఖ సొంత అంకెలు తాజాగా ఉంటాయి కదా అని చివరి కొన్నేళ్లవి అక్కణ్ణించి తెచ్చి అతికించా.

అతికించగానే అమెరికా ఢమాల్న పడిపోయింది! చాలా ఏళ్లు ముందు వరుసలో ఉన్న దేశం ఒక్క ఏడాదిలో ఎక్కడో అడుగుకి పోయింది. తుఫానా, రోగమా, చట్టమా అని రెండు రాత్రులు వెతికా, ఏమీ దొరకలేదు. పౌన్లని టన్నుల్లోకి మార్చడం మూడుసార్లు సరిచూశా, అందులో తప్పు లేదు. ఎవరికైనా తెలుసా?

#2 లెక్కలమాస్టారు, 11:05

రోగం అమెరికాకి కాదండీ, మీ పట్టికకి :) మీరు చిప్పతో తూచినదాని పక్కన చిప్ప తీసేసి తూచినది పెట్టారు.

ఎఫ్‌ఏఓ అంకె అంటే నీళ్లలోంచి తీసినప్పటి బరువు, చిప్పతో సహా. అమెరికా వాళ్లు చేపలకి మొత్తం బరువే రాస్తారు కానీ నత్తలు, గుల్లల దగ్గరికి వచ్చేసరికి లోపలి మాంసం బరువు మాత్రమే రాస్తారు. ఆ పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, నేనూ మొదటిసారి చదవలేదు.

వాళ్ల లెక్క ఎలా నడుస్తుందో చూడండి. అట్లాంటిక్ వైపు పెద్ద క్లామ్‌లు రెండు రకాలు, సర్ఫ్ క్లామ్ ఒకటి, ఓషన్ క్వాహాగ్ ఒకటి. నీళ్లని గట్టిగా చిమ్మి ఇసుకని వదులు చేసే హైడ్రాలిక్ డ్రెడ్జ్‌తో తీసి, 32 బుషెళ్లు పట్టే ఇనప పంజరాల్లో నింపి ఒడ్డుకి తెస్తారు. లెక్క బుషెళ్లలోనే, అంటే ఘనపరిమాణంలో. అక్కణ్ణించి మాంసం బరువుకి మార్చేటప్పుడు సర్ఫ్ క్లామ్ బుషెల్‌కి 17 పౌన్లు, క్వాహాగ్ బుషెల్‌కి 10 పౌన్లు అని ఒక స్థిరమైన అంకె పెట్టుకున్నారు. సర్ఫ్ క్లామ్ కోటా చాలా ఏళ్లుగా 34 లక్షల బుషెళ్లు, క్వాహాగ్ కోటా 53.33 లక్షల బుషెళ్లు. ఇంత తేడా ఉన్న రెండూ టన్నుల్లోకి మారితే మొదటిది 26,218, రెండోది సుమారు 24,190. చూశారా, బుషెళ్లలో రెండోది ఎంతో ముందు, మాంసంలో మొదటిదే ముందు. ఒకే దేశం, ఒకే రకం పడవలు, కొలత మారితే వరుస మారిపోయింది. ఇక దేశానికీ దేశానికీ మధ్య సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో మాట, ఇవి కోటాలు, పట్టినది కాదు. ఈమధ్య ఏళ్లలో పట్టుబడి కోటా కన్నా బాగా తక్కువే ఉంటోంది.

#3 పట్టికలపిచ్చి, 11:11

అయ్యబాబోయ్. రెండు రాత్రులు మాస్టారూ, రెండు రాత్రులు! లేని తుఫాను కోసం వెతికాను.

#4 మొహమాటం, 11:30

అయితే అసలు ఏది న్యాయం? నాకు మాంసం బరువే సరైనది అనిపిస్తోంది. చిప్పని ఎవరూ తినరు కదా.

#5 ఆటుపోటు, 11:52

అంత తేలిగ్గా తేలదు. క్లామ్ బరువులో మాంసం ఎంత అంటే రకాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. గుడ్లు పెట్టే ముందు నిండుగా ఉంటుంది, పెట్టేశాక అదే గుల్ల అదే సైజులో డొల్లగా ఉంటుంది. బ్లడ్ కాకిల్ చిప్ప మందంగా, గాడులు గాడులుగా ఉంటుంది, రేజర్ క్లామ్ చిప్ప పల్చగా గోరులా ఉంటుంది. ఇండోనేషియా కాకిల్ ఒక టన్ను, చిలీ రేజర్ క్లామ్ ఒక టన్ను పక్కపక్కన పెట్టి సమానం అంటే ఒకదాంట్లో రాయి ఎక్కువ, ఇంకోదాంట్లో తిండి ఎక్కువ.

కానీ సముద్రం వైపు నుంచి చూస్తే చిప్పతో బరువే ముఖ్యం, ఎందుకంటే అక్కణ్ణించి తీసింది మొత్తం కదా. ఎవరు ఏ ప్రశ్న అడుగుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. "ఏ దేశం ఎక్కువ తిండి తీసింది", "ఏ దేశం సముద్రాన్ని ఎక్కువ తోడింది" అనే రెండు ప్రశ్నలకీ ఒకే పట్టిక సరిపోదు.

#6 లెక్కలమాస్టారు, ఆదివారం ఉదయం 6:20

@ఆటుపోటు ఒప్పుకుంటా, కానీ పోల్చాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. చిప్పతో బరువు పట్టుకోండి, ఎఫ్‌ఏఓ అన్ని దేశాలనీ ఆ దారిలోకే తెస్తుంది కాబట్టి. మాంసం బరువుని చిప్పతో బరువుకి మార్చే గుణకం దేశానిది దేశానికి వేరుగా ఉంటుందని తెలిసీ అదే మేలు.

#7 రాత్రిగూబ, 8:15

అమెరికా గొడవ సరే గానీ జపాన్ వరుస చూశారా ఎవరైనా? మాస్టారి గుణకాలన్నీ దాని ముందు పిల్లాట. అసరి అని వాళ్లు పిలిచే మనీలా క్లామ్ 1980ల మొదట్లో ఏడాదికి 1.6 లక్షల టన్నుల దాకా పట్టేవాళ్లు. 2020కి వచ్చేసరికి 5 వేల టన్నుల లోపు. అందులో కుమమోతో అనే ఒక్క ప్రాంతమే 1977లో 65 వేల టన్నులు దాటి తీసింది, అదే కుమమోతో 2020లో తీసింది 21 టన్నులు. వేలు కాదు, అక్షరాలా ఇరవై ఒక్క టన్నులు.

మరి 2021 చివరి మూడు నెలల్లో జపాన్ దుకాణాల్లో "కుమమోతో అసరి" అని పేరు పెట్టి అమ్మింది ఎంతో తెలుసా? వాళ్ల వ్యవసాయ శాఖ అంచనా 2,485 టన్నులు! ఏడాదంతా పట్టినదానికి నూరు రెట్లకి పైగా మూడు నెలల్లో. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే కుమమోతో పేరుతో ఉన్న వాటిలో 97 శాతం విదేశీ గుల్లలు కలిసినవే అయ్యుండొచ్చని తేలింది. 2022 ఫిబ్రవరిలో గవర్నరే రవాణా ఆపించాడు.

ఇది ఎలా సాధ్యమైందంటే, ఎక్కడ ఎక్కువ కాలం పెరిగితే ఆ ఊరి పేరు పెట్టొచ్చనే నియమం ఒకటి ఉండేది. చైనా నుంచి తెచ్చి, కుమమోతో పక్కనున్న అరియాకే సముద్ర తీరంలో ఇసుకలో కొన్నాళ్లు పరిచి, మళ్లీ తవ్వి, ఎక్కువ కాలం ఇక్కడే ఉందని కాగితం రాసుకునేవాళ్లు. కుంభకోణం తర్వాత ఆ నియమాన్ని బిగించారు. ఇప్పుడు ఏడాదిన్నరకి పైగా అక్కడే పెంచినట్టు రుజువు చూపిస్తే తప్ప దిగుమతి చేసిన దేశం పేరే రాయాలి.

#8 మొహమాటం, 8:40

అంటే గుల్లలకి కూడా స్థానికత సర్టిఫికెట్ అన్నమాట 😄

#9 పట్టికలపిచ్చి, 9:02

@రాత్రిగూబ ఆ పతనానికి కారణం ఏంటి, ఎక్కువ పట్టేయడమేనా?

#10 రాత్రిగూబ, 9:47

ఒకటని చెప్పలేం. ఒడ్డు వెంట బురద నేలల్ని పూడ్చేసి భూమి చేసుకోవడం, నదుల నుంచి ఇసుక రావడం తగ్గడం, ఈగిల్ రే అనే టేకు చేపల దాడి, పట్టడం ఎక్కువవడం, అన్నీ కలిశాయి. 1997లో అరియాకే సముద్రంలోని ఇసహాయా అఖాతానికి అడ్డంగా కట్టిన కట్ట తలుపులు మూసేసిన దగ్గర్నుంచి అరియాకే జాలర్లకీ ప్రభుత్వానికీ కోర్టుల్లో నడిచిన గొడవ అందరికీ తెలిసిందే. కానీ కుమమోతో అంకె అంతకు ముందే బాగా పడిపోయింది, కాబట్టి తప్పంతా ఆ తలుపుల మీద వేయడం నాకు ఒప్పదు.

కొరియాలో సెమాన్‌గుమ్ అయితే సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 33.9 కిలోమీటర్ల కట్ట, 2006 ఏప్రిల్‌లో చివరి సందు మూసేశారు. ఆటుపోట్లు ఆగిపోతే లోపలి బురదలో గుల్లలు ఏం తిని బతుకుతాయి? పోటు నీళ్లు మోసుకొచ్చే పాచిని వడగట్టుకుని బతికే జీవి అది, తనంతట తాను లేచి పక్క ఊరికి పోలేదు.

#11 ఇసుకతిన్నె, 11:20

ఇదే మాట నేను చెప్దామని వచ్చా. పట్టుబడి తగ్గింది అంటే వెంటనే "దోచేశారు" అంటారు జనం. నాలుగు ఉదాహరణలు చెప్తా, నాలుగూ నాలుగు రకాలు.

నెదర్లాండ్స్: వాడెన్ సముద్రంలో యంత్రాల డ్రెడ్జ్‌తో కాకిల్స్ తీసేవాళ్లు. కాకిల్స్ మీద బతికే ఆయిస్టర్‌క్యాచర్, ఈడర్ బాతు, నాట్ పక్షుల తిండి పోతోందని ఏళ్ల తరబడి గొడవ. 2004 సెప్టెంబరులో యూరోపియన్ కోర్టు తీర్పు వచ్చింది, 2005 నుంచి అక్కడ యంత్రాలు బంద్, ఇప్పుడు చేతి దంతెతో తీసేవాళ్లే మిగిలారు. పడిపోయింది అంకె, కాకిల్స్ కాదు.

ఉరుగ్వే: 1994లో ఒడ్డు పొడుగునా పసుపు క్లామ్‌లు కుప్పలుగా చచ్చిపోయాయి. అటు దక్షిణ బ్రెజిల్, ఇటు అర్జెంటీనా తీరాల్లోనూ ఆ ఏళ్లలో అదే జరిగింది. ఉరుగ్వే వాళ్లు పట్టడం ఆపేసి మళ్లీ తెరవడానికి 2008 దాకా ఆగారు. ఆ మధ్య సున్నాలు చూసి ఎవరైనా "ఈ దేశానికి గుల్లలు పట్టడం చేతకాదు" అనుకుంటే ఏం చేస్తాం.

పెరూ: మాచా అనే క్లామ్. 1982-83 ఎల్ నినో వేడి నీళ్లకి మధ్య తీరంలో తుడిచిపెట్టుకుపోయింది, 1997-98 ఎల్ నినోకి దక్షిణాన మిగిలినవీ పోయాయి.

నాలుగోది అమెరికాలో గ్రేట్ సౌత్ బే. 1970ల్లో ఆ దేశపు హార్డ్ క్లామ్‌లో సగానికి పైగా ఆ ఒక్క అఖాతం నుంచే వచ్చేది. అక్కడ మాత్రం నిజంగానే పట్టిపట్టి ఖాళీ చేశారు, ఆ తర్వాత 1985లో బ్రౌన్ టైడ్ అనే గోధుమరంగు నాచు వచ్చి కోలుకోనివ్వలేదు.

#12 మొహమాటం, 11:41

చేతి దంతెతో తీయడం అంటే ఎలాగండీ? ఇసుకలో ఎక్కడున్నాయో ఎలా కనిపెడతారు?

#13 ఇసుకతిన్నె, 12:30

ఇంగ్లండ్ మోర్‌కామ్ బే పద్ధతి చెప్తా. ఆటు సమయంలో నీళ్లు కిలోమీటర్ల దూరం వెనక్కి పోతాయి. ఇసుక మీద ఒక పెద్ద చెక్క పలక వేస్తారు, దానికి నిలువుగా రెండు పిడులు ఉంటాయి, జంబో అంటారు. ఆ పిడులు పట్టుకుని పలకని అటూ ఇటూ ఊపుతూ ఉంటే కింద ఇసుక జావలా మెత్తబడుతుంది, లోపల రెండు మూడు అంగుళాల లోతున ఉన్న కాకిల్స్ మెల్లగా పైకి తేలతాయి. దంతెతో దగ్గరికి లాగడం, జల్లెడ పట్టడం, జల్లెడ కన్నంలోంచి జారినవన్నీ పిల్లలు కాబట్టి అక్కడే వదిలేయడం, మిగిలినవి వల సంచిలోకి. అంతే. నడుము మాత్రం విరిగిపోతుంది.

అక్కడే 2004 ఫిబ్రవరి 5 రాత్రి పోటు ముంచుకొచ్చి 20 మందికి పైగా చైనా వలస కూలీలు మునిగిపోయారు. ఆ ఇసుకలో పోటు ముందు నుంచి రాదు, పక్క కాలవల్లోంచి చుట్టుముట్టి వెనక నుంచి వస్తుంది, దారి తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. ఆ ఏడాదే కూలీల్ని పనికి తెచ్చే గ్యాంగ్‌మాస్టర్లకి లైసెన్స్ ఉండాలని చట్టం తెచ్చారు. బ్రిటన్ వరుసలో ఆ ఏడాది అంకె చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

#14 పట్టికలపిచ్చి, 1:15

... దీని తర్వాత అంకెల గురించి అడగాలంటే ఇబ్బందిగా ఉంది. అయినా అడుగుతా. మలేషియా నా పట్టికలో దాదాపు లేదు. బ్లడ్ కాకిల్ అంటే మలేషియా అని అందరూ అంటారు కదా?

#15 ఆటుపోటు, 2:08

ఎందుకు లేదంటే వాళ్లది పెంపకం కింద రాస్తారు. ఇక్కడ మీ "సహజం" అనే మాటకి అసలు పరీక్ష. మలేషియాలో కాకిల్ పిల్లలు హేచరీలో పుట్టవు, సముద్రంలోనే పుడతాయి. ఆ పిల్లల్ని ఏరి, లీజుకి తీసుకున్న బురద నేలలో చల్లుతారు. మేత వేయరు, చెరువు లేదు, వల లేదు. ఏడాదో ఏడాదిన్నరో ఆగి తవ్వుకుంటారు. పొలంలో విత్తనం చల్లినట్టే, కాకపోతే విత్తనం అడవిది. ఎఫ్‌ఏఓ నిర్వచనం ప్రకారం పెరుగుదలలో మనిషి చెయ్యి ఉండాలి, ఆ సరుక్కి ఒక యజమాని ఉండాలి, అప్పుడది పెంపకం. రెండూ ఉన్నాయి కాబట్టి పెంపకమే.

ఇండోనేషియాలో అదే జాతి కాకిల్‌ని తెరిచిన నేలలో తవ్వితే "పట్టుబడి". మధ్యలో మలక్కా జలసంధి ఒక్కటే అడ్డం.

అన్నట్టు మలేషియాది 2010లో సుమారు 78 వేల టన్నులు, ఆ తర్వాత నాలుగైదేళ్లలోనే ఘోరంగా పడింది. పిల్లలు సహజంగా పుట్టడం తగ్గితే "పెంపకం" కూడా కూలిపోతుందన్నమాట, ఆ పేరు పెట్టుకున్నందుకు రక్షణ ఏమీ రాదు.

#16 లెక్కలమాస్టారు, 2:40

చైనా సంగతి కూడా చెప్పేయండి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు.

#17 ఆటుపోటు, 3:05

మనీలా క్లామ్ పెంపకం ప్రపంచం మొత్తం మీద 40 లక్షల టన్నులు దాటింది, దాదాపు అంతా చైనాదే. సహజంగా పట్టే క్లామ్, కాకిల్ మొత్తం, అన్ని దేశాలూ కలిపినా 10 లక్షల టన్నులలోపే. కాబట్టి మనం ఇక్కడ కొట్టుకుంటున్నది చిన్న ముక్క గురించి. ఇక చైనా సముద్రం నుంచి పట్టినదాంట్లో చాలా భాగం "ఇతర మొలస్కులు" అనే ఒకే గంపలో వేసి రాస్తారు, జాతి పేరు ఉండదు. ఆ గంపలో క్లామ్ ఎంతో ఎవరు విడదీస్తారు? చైనా అడుగున కనిపించింది అంటే అక్కడ పట్టడం లేదని కాదు, పేరు రాయలేదని.

#18 వెన్నెలరేవు, 5:30

కొత్త సభ్యురాలిని, చదువుతూనే ఉన్నా, ఒక్కటి చెప్పాలనిపించింది. మీరందరూ రాసిన అంకెల గురించే మాట్లాడుతున్నారు. రాయనివాటి సంగతి?

గాంబియా, సెనెగల్ మడ అడవుల్లో కాకిల్స్ ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు. పడవకి రిజిస్ట్రేషన్ ఉంటుంది, రేవులో గుమాస్తా ఉంటాడు, తూచి రాస్తాడు. బుట్ట పట్టుకుని మోకాలి లోతు బురదలో దిగిన ఆవిడ దగ్గరికి ఏ గుమాస్తా వస్తాడు? గాంబియాలో ఆ ఆడవాళ్ల సంఘానికి, ట్రై ఆయిస్టర్ విమెన్స్ అసోసియేషన్ అని, 2012లో టాన్‌బీ చిత్తడి నేలల్లో ఆయిస్టర్, కాకిల్ మీద ప్రత్యేక హక్కులు ఇచ్చారు. అంటే వాళ్లు ఉన్నారని చట్టం ఒప్పుకుంది. ఇలాంటి చోట్ల పట్టికలో చిన్న అంకె కనిపిస్తే అది సముద్రం పేదదని కాదు.

పేద దేశాల సంగతే అనుకోకండి. పోర్చుగల్‌లో టేగస్ నదీముఖం నిండా మనీలా క్లామ్ పెరిగిపోయింది, అక్కడిది కూడా కాదు, తెచ్చిన జాతి. అనుమతి లేకుండా తవ్వేవాళ్లు వేలల్లో ఉంటారు. అదంతా ఏ వరుసలో కలుస్తుంది?

#19 లెక్కలమాస్టారు, 6:10

@వెన్నెలరేవు స్వాగతం అమ్మా. నిజమే. 30 ఏళ్లుగా అంకెలు చూస్తున్నా, బుట్ట సంగతి ఎప్పుడూ నా లెక్కలోకి రాలేదు.

#20 రాత్రిగూబ, 6:45

భారత్ కూడా అక్కడే ఇరుక్కుంటుంది. కేరళలో వేంబనాడ్ సరస్సు నల్ల క్లామ్ పట్టుబడిలో చాలా భాగం చిన్న తెడ్డు పడవల మీద, చేతి దంతెలతో, కొందరు మునిగి తీసేది. పైగా 1976 నుంచి తన్నీర్‌ముక్కం కట్ట ఉప్పునీటిని ఆపుతుంటే ఎగువ వైపు గుల్లలు గుడ్లు పెట్టడానికి కావాల్సిన ఉప్పదనం దొరకడం కష్టమైంది. అదే కేరళలో అష్టముడి సరస్సు కథ వేరు, అక్కడ షార్ట్ నెక్ క్లామ్‌కి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టడం ఆపే పద్ధతి, వల కన్నం కొలత, చిన్న గుల్ల ఎగుమతి చేయకూడదనే నియమం అన్నీ పెట్టుకుని 2014లో ఎంఎస్‌సీ ధ్రువపత్రం (సముద్రాన్ని ఖాళీ చేయకుండా పడుతున్నారని ఇచ్చేది) తెచ్చుకున్నారు, దేశంలో అదే మొదటిది. వియత్నాంలో బెన్ త్రే వాళ్లు 2009లోనే తెచ్చుకున్నారు.

#21 మొహమాటం, 7:20

ఇటలీ గురించి ఎవరూ ఎత్తలేదు! వోంగోలే (వాళ్లు క్లామ్‌లని పిలిచే పేరు) లేకుండా ఈ చర్చ ఎలా?

#22 ఇసుకతిన్నె, 8:00

ఇటలీ పక్కన ఏడ్రియాటిక్ సముద్రంలో చారల వీనస్ క్లామ్, హైడ్రాలిక్ డ్రెడ్జ్ పడవలు సుమారు 700. కన్సార్షియాలు అనే జాలర్ల సంఘాలే రోజుకి ఎంత తీయాలో నిర్ణయించుకుంటాయి. పట్టుబడి పాత రోజులతో పోలిస్తే బాగా తగ్గింది. ఒక సరదా సంగతి: 2017 నుంచి వాళ్లకి కనీస సైజు 25 మిల్లీమీటర్ల నుంచి 22కి తగ్గించారు. మూడే మిల్లీమీటర్లు. కానీ నిన్నటిదాకా జల్లెడలోంచి జారిపోవాల్సినవి ఇవాళ సంచిలోకి వస్తాయి, పట్టుబడి అంకె పెరిగిందనుకోండి, సముద్రంలో క్లామ్‌లు పెరిగాయనాలా? అదే జాతిని నల్లసముద్రం వైపు టర్కీ వాళ్లూ తీస్తారు, ఎక్కువగా ఎగుమతికే.

#23 పట్టికలపిచ్చి, సోమవారం రాత్రి 9:34

మళ్లీ మొదట్నుంచి కట్టా. అమెరికాకి కూడా ఎఫ్‌ఏఓ అంకెలే పెట్టా, మళ్లీ పైకి వచ్చి కూర్చుంది. ఒకే ఏడాది వరుస తీసేసి ప్రతి దేశానికీ పదేళ్ల సగటు వేశా. పక్కన కొత్తగా ఒక గడి పెట్టి అందులో "కట్ట", "కోర్టు", "ఎల్ నినో", "జాతి పేరు లేదు", "బుట్ట" అని ఒక్కో మాట రాస్తున్నా. మలేషియాని అడుగున వేరే గీత గీసి పెట్టా. జపాన్ గడిలో ఏం రాయాలో మాత్రం తోచట్లేదు, చోటు చాలట్లేదు.

#24 రాత్రిగూబ, 9:50

"21" అని రాసి వదిలేయండి.

#25 మొహమాటం, 10:12

మాస్టారూ, చిన్న సందేహం. మీరు చెప్పిన ఓషన్ క్వాహాగ్ అదేనా, ఐస్లాండ్ దగ్గర దొరికిన, మింగ్ అని పేరు పెట్టిన 507 ఏళ్ల గుల్ల?

#26 లెక్కలమాస్టారు, 10:30

అదే జాతి. 2006లో తీశారు, చిప్ప మీద గీతలు లెక్కపెట్టి వయసు కట్టారు. మొదట 400 చిల్లర అన్నారు, మళ్లీ లెక్కపెడితే 507 తేలింది. రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర గీతలు కాగితపు పొరల్లా ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, అక్కడే పొరపాటు జరిగింది. పట్టికలపిచ్చి గారూ, మీరు ఒక్కరే కాదు, మొదటిసారి తప్పు లెక్కపెట్టింది :)